చతురంగ మహాసంఖ్య

మహావీరాచార్యుడు క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన, చదరంగపు బల్లమీది అరువదినాలుగు గళ్ళలో మొదటిదానియందు ఒకటి, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు చొప్పున, ప్రతి గడియందును దాని ముందరి గడికి రెట్టింపుగా ఉంచుచు పోయినచో మొత్తమెంత యగునన్న ప్రశ్నకు సమాధానమును ఒక్క చంపకమాలలో నిలిపెను. అంకెలకు బదులుగా లోకప్రసిద్ధములైన వస్తువుల పేర్లు వాడెడి భూతసంఖ్యా సంప్రదాయమున చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, బాణములనిన ఐదు, పర్వతములనిన ఏడు, ఆకాశమనిన సున్న. అంకెలు ఒకట్ల స్థానమున మొదలై ఎడమవైపునకు నడచును. ఈ నియమముల ననుసరించి ఆ పద్యమును విప్పి వ్రాసికొనినచో ఇరువది అంకెల సంఖ్య యొకటి వెలువడును: 1,84,46,74,40,73,70,95,51,615. గణనయంత్రముల ఊహయైనను లేని కాలమున, గణయతిప్రాసలకు భంగము రానీయక, ఇరువది స్థానములలో ఒక్క అంకెయు తప్పకుండ చెప్పబడిన ఈ సంఖ్య నేటి యంత్రములు చూపు సంఖ్యతో పూర్తిగా సరిపోవుచున్నది.

చదరంగమును కల్పించిన పండితుడు రాజును గళ్ళలెక్కన ధాన్యపు గింజలు కోరెననెడి కథ పదమూడవ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడైన ఇబ్న్ ఖల్లికాన్ రచనయందు కనబడును. అంతకు చాల ముందే, క్రీ.శ. 1000 ప్రాంతమున, అల్‌బెరూనీ ప్రాచీనజాతుల కాలగణనను గూర్చిన తన గ్రంథమున ఈ మొత్తమును సాధించు మార్గమును వివరించియుండెను. వడ్లగింజ యొక్కటి 25 మిల్లీగ్రాములు తూగునని తలచినచో ఆ రాజు ఈయవలసిన ధాన్యము 46,000 కోట్ల టన్నులు దాటును. నేటి ప్రపంచమంతయు ఏటేట 80 కోట్ల టన్నుల వడ్లు పండించునని లెక్కించినను అది 570 ఏండ్లకు పైబడిన పంట. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా 1883లో ప్రచారమునకు తెచ్చిన హనోయి గోపురమను ఆటకు తోడుగా మరియొక కల్పితకథ వ్యాపించినది. కాశీలోని ఒక దేవాలయమున అర్చకులు అరువదినాలుగు బంగారు బిళ్ళలను, చిన్నదానిపై పెద్దది ఎన్నడును పెట్టక, ఒక్కొక్కటిగా ఒక వజ్రపు సూదినుండి మరియొక సూదికి మార్చుచుందురట. ఆ పని ముగియుటకు కావలసిన కనీసపు మార్పుల సంఖ్యయు సరిగా ఇదియే. సెకనునకు ఒక మార్పు చొప్పున అది ముగియుటకు 58,000 కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. 432 కోట్ల సంవత్సరముల కల్పమును కొలతగా గైకొనినచో అవి సుమారు 135 కల్పములు.

ఇట్టి లెక్కలు వినువారికి ఆశ్చర్యమును కలిగించు మాట నిజమే కాని, పరిమాణము వలన పుట్టెడి ఆశ్చర్యము ఎక్కువ కాలము నిలువదు. ఎంతటి సంఖ్యకైనను తుదను ఒక సున్న చేర్చినంతనే దానికి పదిరెట్లైన సంఖ్య లభించును గనుక, కేవలము పెద్దదై యుండుట సంఖ్యకు ఒక ఘనత కాదు. అది ఏయే ప్రధాన సంఖ్యల గుణకారముచే ఏర్పడినది, ఆ ప్రధానములే దానియందు ఏల చేరినవి, ఇతరములు ఏల చేరలేదు అని విచారించినపుడే దాని స్వభావము తెలియును. సాధారణముగా ఇరువది అంకెల సంఖ్య తన కారణాంకములను సులభముగా బయటపెట్టదు. చతురంగ సంఖ్య మాత్రము ఇందుకు భిన్నము. దానిని నిర్మించిన మార్గమే దానిని విడదీయు మార్గమును చూపుచున్నది.

నిర్మాణమును ముందుగా చూతము. 1, 2, 4, 8 అని రెట్టించుచు నడచు గుణశ్రేఢియందు ఎచ్చట ఆగినను అంతవరకు గల మొత్తము తరువాతి పదముకంటె ఒకటి మాత్రమే తక్కువ యగును: 1, 2, 4 కలిసి 7, వానికి 8 చేర్చిన 15, 16 చేర్చిన 31. కావున అరువదినాలుగు గళ్ళలోని సంఖ్యలను వరుసగా కూడనక్కరలేదు. అరువదియైదవ గడి యొకటి యున్నచో అందుండవలసిన సంఖ్యను, అనగా 2 యొక్క 64వ ఘాతమును, కనుగొని ఒకటి తీసివేసిన చాలును. ఆ ఘాతమునకై అరువదినాలుగు మారులు రెట్టించుటయు అనవసరమే యని ఛందశ్శాస్త్రకర్తయైన పింగళుడు క్రీస్తుకు పూర్వమే యెరుగును. పద్యపాదమున గురులఘువులను ఎన్ని విధముల అమర్చవచ్చునో తెలిసికొనుట ఆయన సమస్య. పాదమున అక్షరమొకటి పెరిగినపుడెల్ల ఆ విధములు రెట్టింపగును. అక్షరముల సంఖ్య సరి యైనచో సగము చేయవలెను, బేసి యైనచో ఒకటి తీసివేయవలెను. ఇట్లు సున్న వచ్చువరకు దిగి, పిమ్మట ఒకటితో మొదలిడి దిగిన దారినే మరల ఎక్కుచు, ఒకటి తీసివేసిన చోట రెట్టింపును, సగము చేసిన చోట వర్గమును చేయవలెను. చంపకమాల పాదమునకు 21 అక్షరములు. దిగునపుడు 20, 10, 5, 4, 2, 1, 0 వచ్చును. ఎక్కునపుడు 2, 4, 16, 32, 1,024, 10,48,576, 20,97,152 వచ్చును. ప్రకృతిచ్ఛందమున పుట్టెడి వృత్తములకు మన లాక్షణికులు చెప్పెడి సంఖ్య ఈ 20,97,152. దానికి సగమైన 10,48,576 ఉత్పలమాల చేరిన కృతిచ్ఛందపు వృత్తసంఖ్య. మల్లన చతురంగ సంఖ్యను ఏ వృత్తమున పొదిగెనో ఆ వృత్తమే ఈ ద్విగుణ గణితమున ఒక ఉదాహరణమై యున్నది.

అరువదినాలుగు విషయమున ఈ పద్ధతి మరింత సుందరముగ పరిణమించును. 64, 32, 16, 8, 4, 2, 1 అని సగము చేయుచు దిగినపుడు తుదనున్న ఒకటి తప్ప మరి యెచ్చటను బేసి అడ్డుపడదు. కావున ఎక్కునపుడు ఒక్క రెట్టింపు, దాని తరువాత వరుసగా ఆరు వర్గములు మాత్రమే చేయవలసియుండును. 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296 అను మెట్లు దాటి 1,84,46,74,40,73,70,95,51,616 వద్దకు చేరుదుము. అందుండి ఒకటి తీసివేసినచో చతురంగ సంఖ్య.

ఈ మెట్లనే ఇప్పుడు పైనుండి చూడవలెను. రెండు వర్గముల భేదము, వాని మూలముల మొత్తమును మూలముల భేదముచే గుణించిన లబ్ధమునకు సమానమను సూత్రము పాఠశాలలో చదివిన వారందరును ఎరిగినదే. మన సంఖ్య 4,29,49,67,296 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ, ఒకటి తనకు తానే వర్గము. కావున మన సంఖ్య 4,29,49,67,297 ను 4,29,49,67,295 చే గుణించిన లబ్ధము. ఈ రెండవ కారణాంకము మరల 65,536 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ యగుటచే 65,537 గాను 65,535 గాను విడిపోవును. 65,535 మరల 257 గాను 255 గాను, 255 మరల 17 గాను 15 గాను, 15 మరల 5 గాను 3 గాను విడిపోవును. తుదకు 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు కారణాంకములు మిగులును. పింగళుని ఆరు మెట్లలో ఒక్కొక్కదానికి ఒకటి చేర్చినచో వరుసగా ఈ ఆరును వచ్చుచున్నవి. సంఖ్యను ఎక్కించిన ప్రతి వర్గమును దానియందు ఒక కారణాంకమును వదలి పోయినదన్నమాట.

సున్న, ఒకటి అను రెండే అంకెలు గల ద్విసంఖ్యామానమున ఈ సంగతి కంటికే కనబడును. ఆ మానమున చతురంగ సంఖ్య అరువదినాలుగు ఒకట్ల వరుస. అరువదినాలుగు స్థానములు గల గణనయంత్రపు కోశములో ఇముడగల మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్య ఇదియే. ఆ ఒకట్లను రెండేసిగా జట్లు కట్టినచో ప్రతి జట్టు విలువ 3 గనుక మొత్తము సంఖ్య 3 చే భాగింపబడును. నాలుగేసిగా కట్టినచో జట్టు విలువ 15, ఎనిమిదేసిగా కట్టినచో 255, పదునారేసిగా కట్టినచో 65,535. వరుస ఎన్ని విధముల సమముగా విభాగింపబడునో, సంఖ్యయు అన్ని విధముల విభాగింపబడును.

పై ఆరు కారణాంకములలో మొదటి ఐదును ప్రధాన సంఖ్యలే. ఈ శ్రేణిని పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా పరిశీలించి, వర్గము చేయుచు పోవగా వచ్చెడి సంఖ్యలకు ఒకటి చేర్చినచో ఎల్లప్పుడును ప్రధాన సంఖ్యయే ఏర్పడునని నమ్మి, 1640లో తన లేఖలయందు ఆ విశ్వాసమును వెల్లడించెను. ఆ ఐదు ప్రధానములకు రేఖాగణితమున ఊహింపరాని ప్రాధాన్యము లభించుటకు మరి నూటయేబదియారు సంవత్సరములు పట్టినది. కొలతగుర్తులు లేని బద్దతోను వృత్తలేఖినితోను నిర్మింపదగిన క్రమబహుభుజులలో, బేసి సంఖ్యలో భుజములు గలవి, గ్రీకుల నాటినుండియు 3, 5, 15 భుజములవి మాత్రమే తెలిసియుండెను. 1796 మార్చి 30న, పందొమ్మిదేండ్లు ఇంకను నిండని గౌస్, పదునేడు భుజముల క్రమబహుభుజిని సైతము అట్లే నిర్మింపవచ్చునని కనుగొనెను. భుజముల సంఖ్య బేసి యైనపుడు అది వేర్వేరు ఫెర్మా ప్రధానముల లబ్ధమైన చాలునని ఆయన 1801లో ప్రకటించెను. అట్లు కానిచో నిర్మాణము అసాధ్యమని 1837లో వాంట్జెల్ నిరూపించెను. నేటికిని తెలిసిన ఫెర్మా ప్రధానములు ఆ ఐదే. వాని లబ్ధము 4,29,49,67,295. ఒకటిని విడిచినచో దానికి గల భాజకములు 31. కావున నిర్మింపదగినవని మనకు తెలిసిన బేసి భుజముల క్రమబహుభుజులును ముప్పదియొకటి మాత్రమే. వీనిలో 65,537 భుజముల దాని నిర్మాణమునకై జర్మనీ దేశపు హెర్మెస్ అను పండితుడు పది సంవత్సరములు శ్రమపడి రచించిన వ్రాతప్రతి గోటింగెన్ విశ్వవిద్యాలయమున భద్రపరుపబడియున్నది.

ఆరవ కారణాంకమైన 4,29,49,67,297 కథ వేరు. ఫెర్మా నమ్మకము ప్రకారము ఇదియు ప్రధానము కావలెను. కాని 1732లో ఆయిలర్ ఇది 641 చే నిశ్శేషముగా భాగింపబడునని చూపెను. ఆయన 641 వద్దకు ఎట్లు చేరియుండునో తెలిసికొనుటకు శేషముల చక్రములను గమనింపవలెను. రెండు యొక్క ఘాతములను 7 చే భాగించుచు పోయినచో శేషములు 1, 2, 4, మరల 1, 2, 4 అని మూడేసి అడుగులకు ఒకమారు తిరిగివచ్చును; ఆ చక్రము సరిగా ముగిసిన చోటనే, అనగా ఘాతాంకము 3 చే భాగింపబడునపుడే, ఒకటి తక్కువైన సంఖ్యను 7 భాగింపగలదు. అరువదినాలుగు 3 చే భాగింపబడదు గనుక 7 చతురంగ సంఖ్యలో ప్రవేశింపజాలదు. 11 యొక్క చక్రము పది అడుగులది, 13 యొక్క చక్రము పండ్రెండు అడుగులది. అవియు బయటనే నిలిచిపోవును. చక్రపు పొడవు 64 ను భాగించు ప్రధానములకే ప్రవేశము గలదు: 3 కు రెండు అడుగులు, 5 కు నాలుగు, 17 కు ఎనిమిది, 257 కు పదునారు, 65,537 కు ముప్పదిరెండు.

ఆరవదానిని భాగించు ప్రధానమునకు చక్రము ముప్పదిరెండవ అడుగున ముగియదు; అచ్చట శేషము ఒకటికి బదులు ఋణమైన ఒకటి యగును. కావున దాని చక్రము సరిగా అరువదినాలుగు అడుగులది కావలెను. ఇక ఏ ప్రధానమునకైనను దాని చక్రపు పొడవు ఆ ప్రధానముకంటె ఒకటి తక్కువైన సంఖ్యను భాగించునన్నది సాక్షాత్తు ఫెర్మాయే కనుగొనిన సిద్ధాంతము. అందుచే మనము వెదకెడి ప్రధానము 64 యొక్క ఏదో ఒక గుణిజమునకు ఒకటి ఎక్కువై యుండవలెను. అట్టి ప్రధానములు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నముననే భాజకము దొరకును. పందొమ్మిదవ శతాబ్దమున లూకా ఈ నియమమును మరింత బిగించి, 64 కు బదులు 128 యొక్క గుణిజములనే చూచిన చాలునని నిరూపించెను. అప్పుడు 641 కు ముందు మిగులునది 257 ఒక్కటియే. తన సిద్ధాంతమునే సాధనముగ చేసికొని వెదకినచో తన ఊహ పొరపాటని ఫెర్మాకు కొద్దిపాటి భాగాహారములలో తెలిసియుండును.

641 నిజముగ భాజకమే యని తెలిసికొనుటకు దీర్ఘమైన భాగాహారము కూడ అవసరము లేదు. 641 ను రెండు విధముల వ్రాయవచ్చును: 5 ను 128 చే గుణించి ఒకటి చేర్చిన 641, 5 యొక్క నాలుగవ ఘాతమైన 625 కు 2 యొక్క నాలుగవ ఘాతమైన 16 చేర్చినను 641. మొదటి రూపమును బట్టి, 641 చే భాగించునపుడు 5 ను 128 చే గుణించిన లబ్ధము ఋణమైన ఒకటితో సమానము. దానిని నాలుగవ ఘాతమునకు ఎత్తినచో 625 ను 2 యొక్క 28వ ఘాతముచే గుణించిన లబ్ధము ఒకటితో సమానమగును. రెండవ రూపమును బట్టి 625 కు బదులు ఋణమైన 16 ను ఉంచవచ్చును. 16 అనగా 2 యొక్క నాలుగవ ఘాతము గనుక, 2 యొక్క 32వ ఘాతము ఋణమైన ఒకటితో సమానమగును. దానికి ఒకటి చేర్చినచో శేషము సున్న. పది అంకెల సంఖ్యకు భాజకమును నిర్ణయించిన ఈ వాదమున మూడంకెలకు మించిన గుణకారమే లేదు.

భాగించగా వచ్చిన లబ్ధము 67,00,417. ఇది ప్రధానమగునా యని పరీక్షించుటకును లూకా నియమమే తోడ్పడును. దీని వర్గమూలము 2,589 కి లోపుగనే యుండుటచే, ఆ లోపున 128 యొక్క గుణిజమునకు ఒకటి ఎక్కువైన ప్రధానములను మాత్రము పరీక్షించిన చాలును. అవి 257, 641, 769, 1,153, 1,409 అను ఐదు. వీనిలో ఏదియు 67,00,417 ను నిశ్శేషముగా భాగింపదు గనుక అది ప్రధానమే. ఇట్లు చతురంగ సంఖ్య 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అను ఏడు ప్రధానముల లబ్ధమని తేలుచున్నది. ఏ ప్రధానమును రెండుమారులు రాలేదు; కావున ఒక్కొక్కదానిని తీసికొనుటయో విడుచుటయో అను రెండేసి అవకాశములచే దాని భాజకముల మొత్తము 2 యొక్క ఏడవ ఘాతము, అనగా 128. కేవలము రెట్టింపులతో పుట్టిన సంఖ్య తన భాజకముల లెక్కయందు సైతము రెట్టింపులనే పాటించుచున్నది.

ఈ సంఖ్యకు పైనున్న రెండు సంఖ్యలతో దీనిని పోల్చినపుడు సంఖ్యల స్వభావమునకును పరిమాణమునకును గల దూరము స్పష్టమగును. 616 తో ముగియు తరువాతి సంఖ్యలో 2 తప్ప వేరొక ప్రధానము లేదు. దానికి పైదైన 617 తో ముగియు సంఖ్య, ఫెర్మా శ్రేణిలోని తరువాతి సభ్యము. అది మన సంఖ్యకంటె రెండు మాత్రమే ఎక్కువ. మన సంఖ్య ఆరు ఫెర్మా సంఖ్యల లబ్ధమగుటచే, ఆ ఆరింటిలో దేనినైనను భాగించు ప్రధానము ఈ క్రొత్తదానిని కూడ భాగింపవలెనన్న వాని భేదమైన రెండును భాగింపవలసి వచ్చును. బేసి ప్రధానమునకు అది అసాధ్యము. కావున ఫెర్మా సంఖ్యలలో ఏ రెండింటికిని ఉమ్మడి కారణాంకము లేదు. గోల్డ్‌బాఖ్ 1730లో ఆయిలర్‌కు వ్రాసిన లేఖలో చూపిన ఈ వాదము వలన, ప్రధాన సంఖ్యలు అనంతములను ప్రాచీన సత్యమునకు మరియొక రుజువు లభించినది. అంతము లేని ఆ శ్రేణిలో ప్రతి సభ్యమును తనదైన క్రొత్త ప్రధానమును ఒకదానినైనను తెచ్చుచుండును గదా! కాని ఆ క్రొత్త ప్రధానములు ఎవ్వియో తెలియుట అంత సులభము కాదు. 615 తో ముగియు సంఖ్య ఒక్క పాఠశాలాసూత్రముచే ఆరు భాగములుగ విచ్చుకొనగా, దానికి రెండు మాత్రమే ఎక్కువైన 617 తో ముగియు సంఖ్య 2,74,177 గాను 6,72,80,42,13,10,721 గాను విడిపోవునని 1880లో లాండ్రీ అను ఫ్రెంచి పండితుడు తన ఎనుబదిరెండవ ఏట ప్రకటింపవలసి వచ్చెను.

అటు పిమ్మట యంత్రములు ఆ శ్రేణిని ఎంతయో దూరము వెంబడించినవి. 3 ను సున్నవ సభ్యముగ లెక్కించినచో, ఐదవదానినుండి ముప్పదిరెండవదానివరకు గల ఫెర్మా సంఖ్యలన్నియు సంయుక్తములని తేలినది. ఇరువదవదియు ఇరువదినాలుగవదియు సంయుక్తములని రుజువైనను వాని కారణాంకమొక్కటియు ఇంతవరకు చిక్కలేదు. ముప్పదిమూడవది ప్రధానమో సంయుక్తమో ఇంకను తేలలేదు; దానిని పూర్తిగ వ్రాయుటకే 258 కోట్ల అంకెలు కావలెను. వర్గము చేసి ఒకటి చేర్చుటకంటె సులభమైన పని గణితమున లేదు. దాని ఫలితమును విడదీయుటకంటె కఠినమైన పనులును అరుదు. ఎన్నడైనను ఆరవ ఫెర్మా ప్రధానమొకటి బయటపడినచో గౌస్ గీయదగినవని చెప్పిన బేసి భుజముల బహుభుజులు ముప్పదియొకటినుండి ఒక్కమారుగ అరువదిమూడగును. అట్టి ప్రధానము లేదని నిరూపించినవారును ఇంతవరకు ఎవ్వరును లేరు.